రాకెట్ లెక్క వేసిన బడిపంతులు – సియోల్కోవ్‌స్కీ

ప్రతి ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించింది. 1967 అక్టోబరు 10న దేశాల మధ్య అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య వారాన్ని వారోత్సవంగా జరపాలని ఐక్యరాజ్య సమితి 1999లో ప్రకటించింది. 2023 వారోత్సవాలకు నగరంలోని ఒక సైన్స్ మ్యూజియం వారు అంతరిక్ష విభాగంలో వాలంటీర్లు కావాలని కాలేజీలకు కబురు పెట్టారు. మన హాస్టల్ నుంచి ఆరుగురం పేర్లు ఇచ్చాము. వార్డెన్ గారు అనుమతి ఇచ్చి, మధ్యాహ్నం భోజనం టిఫిన్ డబ్బాల్లో కట్టించి పంపారు.

చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన ఏడాది కావడంతో జనం తండోపతండాలుగా వచ్చారు. అందరూ ల్యాండర్ నమూనా దగ్గర, చంద్రుడి మీద మన బరువు చూపించే యంత్రం దగ్గర గుమిగూడేవారు. మాకు మాత్రం హాలు చివర, నీళ్ళ కుళాయికి దారితీసే నడవా పక్కన ఉన్న బోర్డు అప్పగించారు. దాని మీద గడ్డం, కళ్ళజోడు ఉన్న ఒక ముసలాయన ఫొటో ఉంది. పేరు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. ఆ పేరు పలకడానికే మాకు ఒక పూట పట్టింది.

మొదటి రోజు మేము చెప్పిన తీరు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. వచ్చినవారిని ఆపడానికి ముందుగా ఆయన చెవిటివాడని, పేదవాడని, పాపం తిండికి కూడా ఇబ్బంది పడ్డాడని చెప్పేవాళ్ళం. అయ్యో పాపం అనుకుని నీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు.

మాలో ఒక మిత్రుడికి చిన్నప్పుడు చెవి కారి కారి ఒక చెవి పూర్తిగా, రెండోది సగం వినిపించకుండా పోయింది. మూడేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నా ఆ సంగతి మాకు తెలియదు. పిలిస్తే పలకడు కాబట్టి పొగరు అనుకునేవాళ్ళం. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేవాడు కాబట్టి అన్నీ విన్నాడనే అనుకునేవాళ్ళం. ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక అతనే మా దగ్గరకు వచ్చి విషయం చెప్పాడు. ఆ పెద్దమనిషి గురించి చెప్పేటప్పుడు చెవి సంగతితో మొదలుపెట్టవద్దని, ముందు ఆయన వేసిన లెక్క చెప్పమని, చెవి సంగతి దాని చోట అది వస్తుందని అడిగాడు. మేము ఏమీ మాట్లాడలేకపోయాము. ఆ మాట ప్రకారమే ఇక్కడ కూడా ముందు లెక్క చెబుతాము.

ఏమిటా లెక్క?

చాలామంది రాకెట్ వెనక ఉన్న గాలిని తోసుకుంటూ పైకి పోతుందనుకుంటారు. నిజానికి గాలి లేని చోటే రాకెట్ ఇంకా హాయిగా పోతుంది. చెరువులో కదలని పడవ మీద కూర్చుని రాళ్ళు ఒక్కొక్కటిగా వెనక్కి విసిరితే పడవ ముందుకు జరుగుతుంది. నీళ్ళను తోసినందుకు కాదు, రాయిని తోసినందుకు. రాకెట్ కూడా మండిన వాయువును వెనక్కి విసిరి తాను ముందుకు పోతుంది. దారం మీద కూల్‌డ్రింక్ స్ట్రా ఎక్కించి, దానికి గాలి ఊదిన బెలూన్ అంటించి వదిలి మేము ఇదే చూపించేవాళ్ళం.

ఎంత ఇంధనం మండిస్తే ఎంత వేగం వస్తుందన్నది సియోల్కోవ్‌స్కీ వేసిన లెక్క. రాకెట్ పొందే వేగం రెండింటిపై ఆధారపడుతుంది. ఒకటి వాయువు వెనక్కి దూసుకుపోయే వేగం. రెండోది బయలుదేరినప్పటి మొత్తం బరువుకూ, ఇంధనం అయిపోయాక మిగిలిన బరువుకూ ఉన్న నిష్పత్తి. మొదటి వేగాన్ని రెండోదాని సహజ సంవర్గమానంతో హెచ్చిస్తే జవాబు వస్తుంది. ఇంటర్‌లో మనం తిట్టుకుంటూ చదివిన లాగరిథమ్ ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుందాం. భూమి చుట్టూ తిరగడానికి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలి. దారిలో గాలి, భూమ్యాకర్షణ మింగేసేది కూడా కలిపి 9 అనుకుందాం. లెక్క వేస్తే నిష్పత్తి 20 వస్తుంది. అంటే 100 కిలోల రాకెట్‌లో 95 కిలోలు ఇంధనమే ఉండాలి. మిగిలిన 5 కిలోల్లోనే ట్యాంకు, ఇంజను, ఉపగ్రహం అన్నీ ఇమడాలి. అందుకే దశలు దశలుగా రాకెట్ కట్టాలి. సద్ది తినేశాక ఖాళీ గిన్నెలు దారిలోనే వదిలేసి నడిచినట్టు, ఖాళీ అయిన దశను వదిలేసి మిగతాది పోవాలి. ఈ దశల రాకెట్‌ను ఆయన 1929లో రాకెట్ రైలు పేరుతో వివరించాడు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీకి నాలుగు దశలు ఉన్నాయి. సుమారు 320 టన్నుల బరువుతో బయలుదేరి, 600 కిలోమీటర్ల ఎత్తులోని ధ్రువ కక్ష్యకు తీసుకెళ్ళేది 1,750 కిలోలు మాత్రమే. దీని వెనక ఉన్నది ఆ లెక్కే.

ఆయన ఈ సూత్రాన్ని 1897లో కాగితం మీద రాసుకున్నాడు. 1903లో ఒక పత్రికలో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. ఒక చిన్న పట్టణంలో బడిపంతులు.

బాల్యం

1857 సెప్టెంబరు 17న రష్యాలోని రియజాన్ ప్రాంతంలో ఇజెవ్‌స్కోయె అనే గ్రామంలో ఆయన జన్మించాడు. తండ్రి ఎడ్వర్డ్ అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి మరియా. ఇంట్లో పిల్లలు చాలామంది, జీతం కొంచెం. దాదాపు పదేళ్ళ వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి చాలా వరకు పోయింది. ఆ తర్వాత కుటుంబం వ్యాత్కా పట్టణానికి మారింది. 1870లో తల్లి మరణించింది. బడిలో పంతుళ్ళు చెప్పేది వినపడక వెనకబడిపోయాడు. 1873లో బడి నుంచి పంపేశారు. ఆ తర్వాత ఆయన ఏ బడిలోనూ చదవలేదు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బడి నుంచి తీసేసిన పిల్లవాడికి బుద్ధి లేదని ఊరంతా అనుకుంటుంది. కానీ అతను ఇంట్లో ఉన్న పుస్తకాలు పట్టుకుని తనంతట తాను చదవడం మొదలుపెట్టాడు. కోణాలు కొలిచే పరికరం సొంతంగా చేసుకుని, ఇల్లు కదలకుండా దూరంగా ఉన్న అగ్నిమాపక గోపురం ఎంత దూరంలో ఉందో లెక్కగట్టాడు. తర్వాత నడిచి కొలిచి చూస్తే లెక్క సరిపోయింది. పుస్తకంలో ఉన్న లెక్క నిజంగానే లోకంలో పనిచేస్తుందన్న నమ్మకం అతనికి అక్కడ కుదిరింది.

మాస్కో – రొట్టె, గ్రంథాలయం

కొడుకు చేతిపని చూసి తండ్రి పదహారేళ్ళ వయసులో మాస్కో పంపాడు. అక్కడ ఏ కాలేజీలోనూ చేరలేదు. చెర్త్‌కోవ్ గ్రంథాలయం అందరికీ ఉచితంగా తెరిచి ఉండేది. రోజూ అక్కడికే వెళ్ళేవాడు. ఇంటి నుంచి నెలకు 10 నుంచి 15 రూబుళ్ళు వచ్చేవి. అందులో తిండికి పెట్టింది 90 కోపెక్కులు. వంద కోపెక్కులు ఒక రూబులు కాబట్టి, నెల తిండి ఖర్చు ఒక్క రూబులు కూడా కాదన్నమాట. మూడు రోజులకొకసారి నల్లరొట్టె కొని, నీళ్ళతో తినేవాడు. మిగిలిన డబ్బు పుస్తకాలకు, పాదరసానికి, యాసిడ్‌కు పోయేది. బట్టల మీద యాసిడ్ మరకలు, చిల్లులు. మొదటి ఏడాది ప్రాథమిక గణితం, భౌతికశాస్త్రం పూర్తిచేశాడు. రెండో ఏడాది కలనగణితం, బీజగణితం పట్టాడు. అక్కడ నికొలాయ్ ఫ్యోదొరొవ్ అనే గ్రంథాలయ ఉద్యోగి ఈ వినపడని కుర్రవాణ్ణి ఆదరించి పుస్తకాలు అందించాడు.

ఈ భాగం చెప్పేటప్పుడు వచ్చినవారంతా రొట్టె సంగతికే ఆశ్చర్యపోయేవారు. మాకు మాత్రం రొట్టె కంటే గ్రంథాలయమే పెద్దదిగా కనిపించింది. పస్తులు మనిషిని శాస్త్రవేత్తను చేస్తాయంటే మన ఊళ్ళలో వాడవాడకూ ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. ఆకలి ఆయనకు ఇచ్చింది నీరసం, చూపు మందగించడం మాత్రమే. తిరిగి వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకోవలసి వచ్చింది. చదువు ఇచ్చింది పైసా అడగకుండా తెరిచిన ఆ తలుపు. రొట్టె ముక్క మాత్రమే ఉండి ఆ తలుపు మూసి ఉంటే మనకు ఈ పేరు తెలిసేది కాదు. కాస్మెటిక్ చార్జీల లెక్కలు చూసుకుంటూ, మెస్‌లో ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడి చదువుకున్న మనకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

బడిపంతులుగా

1876లో ఇంటికి తిరిగివచ్చి పిల్లలకు ట్యూషన్లు చెప్పాడు. 1879లో ప్రైవేటుగా పరీక్ష రాసి ఉపాధ్యాయ అర్హత సంపాదించాడు. 1880లో బొరొవ్‌స్క్ అనే చిన్న ఊళ్ళో గణితం పంతులుగా ఉద్యోగం వచ్చింది. అదే ఏడాది వర్వారాను పెళ్ళి చేసుకున్నాడు. 1892లో కలూగా పట్టణానికి బదిలీ అయ్యాడు. చనిపోయేవరకు అక్కడే ఉన్నాడు. దాదాపు 40 ఏళ్ళు పాఠాలు చెప్పాడు.

బొరొవ్‌స్క్‌లో ఉండగా వాయువుల సిద్ధాంతం మీద ఒక వ్యాసం రాసి రాజధానిలోని శాస్త్రజ్ఞుల సంఘానికి పంపాడు. అది పాతికేళ్ళ కిందటే కనుక్కున్నారని జవాబు వచ్చింది. కొత్త పుస్తకాలు, పత్రికలు అందని ఊళ్ళో కూర్చుని, ఉన్నదాన్నే మళ్ళీ కనుక్కున్నాడు. మనలో ఎవరైనా అయితే అక్కడితో మానేసేవాళ్ళం. ఆయన మాత్రం తన దారి తప్పు కాదని దానితో తెలిసిందనుకున్నట్టు ముందుకు సాగాడు. 1883లో బరువు తెలియని శూన్యంలో వస్తువులు ఎలా ఉంటాయో, అక్కడ కదలాలంటే ఏదో ఒకటి వెనక్కి విసరడమే దారి అని రాసుకున్నాడు.

1887లో మాస్కోలోని పాలిటెక్నిక్ మ్యూజియంలో లోహపు గాలిఓడ గురించి శాస్త్రజ్ఞుల ముందు ప్రసంగించాడు. ఆ మ్యూజియం పేరు చదివినప్పుడు మాకు ఒళ్ళు పులకరించింది. పల్లెటూరి పంతులు ఒక మ్యూజియం హాలులో పెద్దల ముందు నిలబడి చెప్పడం ఎలా ఉంటుందో ఆ వారంలో మాకూ కొంచెం తెలిసింది. కానీ ఆయన మాస్కో నుంచి ఇంటికి చేరిన రోజే ఇల్లు తగలబడింది. కాగితాలు, నమూనాలు, పుస్తకాలు అన్నీ బూడిదయ్యాయి. కిటికీలోంచి బయటికి విసిరిన కుట్టుమిషను ఒక్కటే మిగిలింది.

కలూగాలో ఇంట్లోనే గాలి సొరంగం కట్టి, గాలి వీచినప్పుడు వస్తువుల మీద ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచాడు. ఆ పని చూసి రష్యా విజ్ఞాన అకాడమీ 470 రూబుళ్ళు ఇచ్చింది. వినడానికి రేకుతో పొడవాటి గొట్టాలు తానే చేసుకుని చెవికి ఆనించుకునేవాడు. తన చిన్న పుస్తకాలు తన ఖర్చుతోనే అచ్చు వేయించేవాడు.

1903 వ్యాసంలో రాకెట్‌కు ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ ఇంధనంగా వాడవచ్చని రాశాడు. అప్పటికి ఇంకా విమానం కూడా ఎగరలేదు. రైట్ సోదరులు ఎగిరింది ఆ ఏడాది డిసెంబరులో. కానీ వ్యాసం అచ్చయిన కొద్ది రోజులకే పత్రిక సంపాదకుడు చనిపోయి, పత్రిక ఆగిపోయింది. రెండో భాగం 1911–12లో గాని బయటికి రాలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో గొడార్డ్ 1926లో ద్రవ ఇంధన రాకెట్ ఎగరేశాడు. జర్మన్ భాషలో ఓబెర్త్ 1923లో పుస్తకం రాశాడు. వీళ్ళు వేర్వేరుగా అదే దారికి వచ్చారు.

ఇల్లు

జీవిత చరిత్రల్లో ఇంటివాళ్ళ సంగతి సాధారణంగా రెండు ముక్కల్లో ముగిస్తారు. మేము అలా దాటవేయలేకపోయాము. ఏడుగురు పిల్లల్లో ఐదుగురు ఆయన బతికుండగానే పోయారు. చదువుకోవడానికి మాస్కో వెళ్ళిన పెద్ద కొడుకు ఇగ్నాతీ 1902లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1908లో ఒకా నది వరద ఇంట్లోకి వచ్చింది. 1911లో పెద్ద కూతురు ల్యుబోవ్‌ను విప్లవ కార్యకలాపాల పేరుతో అరెస్టు చేశారు. విప్లవం వచ్చాక 1919లో ఆయనను కూడా పట్టుకుపోయి కొద్ది రోజులు జైల్లో ఉంచి వదిలారు. పంతులు జీతంలోనే పుస్తకాల అచ్చు ఖర్చు, నమూనాల ఖర్చు వెళ్ళేది. మిగిలినదానితో ఇల్లు నడిపింది వర్వారా. ఆ లెక్కలు వేసింది ఆయనే అయినా, వాటి ఖరీదులో సగం ఆమె కట్టింది.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. ఆయన తత్వ రచనల్లో మేలురకం మనుషులను ఎంచి వంశం పెంచాలన్న ఆలోచనలు ఉన్నాయి. ఎవరి పుట్టుక గొప్పది, ఎవరిది కాదు అని ఎంచే ఆలోచన ఎక్కడికి తీసుకుపోతుందో మన తాతముత్తాతలు అనుభవించారు. ఆయన లెక్కను నెత్తిన పెట్టుకుంటాము. ఈ ఆలోచనను మాత్రం ఒప్పుకోము. గొప్పవారిని చదవడమంటే గుడ్డిగా మొక్కడం కాదు కదా.

గుర్తింపు

1921లో ప్రభుత్వం జీవితాంతం పింఛను మంజూరు చేసింది. 1932లో 75 ఏళ్ళు నిండినప్పుడు ఒక పెద్ద పతకంతో సత్కరించింది. 1935 సెప్టెంబరు 19న కలూగాలో కడుపు క్యాన్సర్‌తో మరణించాడు. ఏ రాకెట్టూ అంతరిక్షానికి వెళ్ళడం ఆయన చూడలేదు. ఆయన పుట్టి నూరేళ్ళయిన 1957లోనే స్పుత్నిక్ ఎగిరింది. 1959లో లూనా-3 నౌక చంద్రుడి ఆవలి వైపు తొలిసారి ఫొటో తీసినప్పుడు కనిపించిన ఒక పెద్ద బిలానికి ఆయన పేరు పెట్టారు. 1961 జూన్ 13న కలూగాలో ఆయన పేరిట అంతరిక్ష మ్యూజియానికి శంకుస్థాపన చేసింది స్వయంగా యూరీ గగారిన్. 1967 అక్టోబరు 3న అది ప్రజలకు తెరుచుకుంది. 2023లో చంద్రయాన్-3ను మోసుకెళ్ళిన రాకెట్ పై దశలో మండినవి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజనే. వాటిని ఎంచిన పంతులు బోర్డు నీళ్ళ కుళాయి పక్కన, ల్యాండర్ నమూనా హాలు మధ్యలో!

చివరి రోజు

రెండో రోజు నుంచి కర్ర మా మిత్రుడే పట్టుకున్నాడు. పడవ, రాళ్ళు, సద్దిగిన్నెలు అన్నీ అతని పోలికలే. జనం నీళ్ళు తాగి మళ్ళీ వెనక్కి వచ్చి వినేవారు. చివరి రోజు ఒక సర్కారు బడి పిల్లవాడు ఏదో అడిగాడు. హాలంతా గోలగా ఉంది. అలాంటప్పుడు తల ఊపి నవ్వి ఊరుకోవడం మా మిత్రుడి అలవాటు. ఆ రోజు అలా చేయలేదు. తనకు ఆ వైపు చెవి వినపడదని, ఇటువైపు వచ్చి గట్టిగా అడగమని అందరి ముందూ చెప్పాడు. పిల్లవాడు ఇటు వచ్చి మళ్ళీ అడిగాడు. అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పాపం అనలేదు.

తర్వాతి వారం అతను కాలేజీలో మొదటి బెంచీకి మారాడు. వార్డెన్ గారు వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించారు. మేము ఇప్పుడు అతన్ని వెనక నుంచి పిలవము. ఎదురుగా వెళ్ళి మాట్లాడతాము. మూడేళ్ళ కిందటే చేయవలసిన పని ఇది.

తమ్ముళ్ళారా, మీ గదిలో కూడా పిలిస్తే పలకనివాడు, అందరితోపాటు నవ్వేవాడు ఒకడు ఉండవచ్చు. పొగరు అనుకోకుండా ఒకసారి పక్కన కూర్చుని అడగండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి ఒక్కటే. మన హాస్టల్‌లో పుస్తకాల బీరువా ఒకటి ఉంది. వార్షికోత్సవం నాడు తెరిచి తుడుస్తాము, తర్వాత తాళం పడుతుంది. ఈ ఏడాది నుంచి స్టడీ అవర్‌లో రోజూ తెరిచి ఉంచడానికి వార్డెన్ గారు ఒప్పుకున్నారు. తాళం చెవి వంతులవారీగా మేము చూసుకుంటాము. మీరు చదివేసిన పుస్తకాలు పంపండి. తెరిచి ఉన్న ఒక తలుపు ఏం చేయగలదో ఆ బోర్డు దగ్గర నిలబడి ఏడు రోజులు మేమే చెప్పాము.

– అంతరిక్ష విభాగం వాలంటీర్లు, డిగ్రీ చివరి సంవత్సరం